హయాటస్ హెర్నియా చికిత్సా చరిత్రలో జిన్నారం మందుల నేల

ఛాతీ ఎముక వెనుక మంట, గొంతులోకి పులుపు ఎగదన్నడం, పడుకోగానే దగ్గు రావడం, తిన్నది పైకి వస్తున్నట్టు అనిపించడం వంటి బాధలను తెలంగాణ పల్లెల్లో పైత్యమనో, కడుపుమంటనో, ఇటీవలి కాలంలో గ్యాస్ అనో అంటారు. ఈ బాధలకు కారణాలు అనేకం గాని, వాటిలో ఒకటి శరీర నిర్మాణానికి సంబంధించినది. ఛాతీనీ పొట్టనూ వేరుచేస్తూ అడ్డంగా పరచుకున్న కండరపు పొరను ఉదరవితానం లేదా డయాఫ్రం అంటారు. నోటి నుంచి ఆహారాన్ని జీర్ణాశయానికి చేర్చే అన్నవాహిక ఆ పొరలోని ఒక రంధ్రం గుండా కిందికి దిగుతుంది. హయాటస్ అనే ఆ రంధ్రం వయసు మీదపడడంతోనో, స్థూలకాయంతోనో, గర్భధారణ వల్లనో, పొట్టలో ఒత్తిడి ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండడం వల్లనో వదులై, జీర్ణాశయపు పైభాగం అందులో నుంచి ఛాతీలోకి జారినప్పుడు ఏర్పడే స్థితే హయాటస్ హెర్నియా.

ఈ హెర్నియా ప్రధానంగా రెండు తీరులుగా ఉంటుంది. అన్నవాహికా జీర్ణాశయమూ కలిసే సంధి తానే పైకి జారి, మళ్ళీ కిందికి దిగుతూ ఉండేది జారుడు హెర్నియా. నూటికి సుమారు 95 ఈ రకానివే. సంధి తన చోటనే ఉండి, జీర్ణాశయపు మరో భాగం అన్నవాహిక పక్క నుంచి ఛాతీలోకి దూరేది పార్శ్వ హెర్నియా. ఇది అరుదైనదే అయినా, జీర్ణాశయం మెలిపడి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉన్నది ఇందులోనే. అందువల్ల మొదటి రకం రోగి బాధను తగ్గించే మార్గాల గురించి ఆలోచిస్తాడు, రెండో రకం రోగి ప్రాణాపాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల, ఒకరికి సరిపోయిన సలహా మరొకరికి హాని చేసిన సందర్భాలు వైద్య చరిత్రలో తక్కువేమీ కావు.

శస్త్రచికిత్స చేయించుకోవాలా, మందులతో నెట్టుకురావాలా అనే ప్రశ్నకు గత నూరేళ్ళలో వైద్యం ఇచ్చిన సమాధానం పలుమార్లు మారింది. ఆ మార్పుల్లో ఒకదానితో, అంటే ఆమ్లాన్ని అణచే మాత్ర సామాన్యుడికి అందే ధరకు దిగివచ్చిన మార్పుతో, సంగారెడ్డి జిల్లాలోని జిన్నారం మండలానికీ, దానికి దగ్గరలోని పటాన్‌చెరు పారిశ్రామిక వాడకూ గాఢమైన సంబంధం ఉంది. చవకైన మాత్ర చాలామందికి శస్త్రచికిత్స అవసరాన్ని తప్పించింది గాని, నిర్ణయ భారాన్ని తప్పించలేదు. ఒకప్పుడు వైద్యుడే చేసిన నిర్ణయాన్ని అది రోగి చేతికి అందించింది. అందుచేత ఆ నిర్ణయానికి కావలసిన పరీక్షలు, సమాచారం, సెలవు, సెలవు నాటి వేతనం కూడా రోగికి అందినప్పుడే ఆ మార్పు సంపూర్ణమవుతుందని ఈ చరిత్ర నిరూపిస్తుంది.

లక్షణం నుంచి చిత్రం దాకా

ఆయుర్వేద గ్రంథాలు ఈ బాధను అమ్లపిత్తమనే పేరుతో గుర్తించాయి. కాశ్యప సంహిత దీన్ని వివరించింది; మాధవనిదానం దీనికి ఒక ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించి, పైకి ఎగదన్నే రూపాన్ని ఊర్ధ్వగమనీ, కిందికి దిగే రూపాన్ని అధోగమనీ వేరుచేసింది. లక్షణాలను బట్టి చేసిన ఆ విభజన నేటి పాఠకుడికీ సుపరిచితంగానే ఉంటుంది గాని, లోపల ఏ అవయవం ఎక్కడికి కదిలిందో తెలుసుకునే సాధనం ఆ కాలంలో ఏ దేశంలోనూ లేదు. యూరప్‌లో 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే, గాయాల వల్ల ఉదరవితానం చిరిగి లోపలి అవయవాలు ఛాతీలోకి చేరిన సందర్భాలను వర్ణించాడు. 1853లో బోస్టన్ వైద్యుడు హెన్రీ బౌడిచ్ అప్పటిదాకా నమోదైన ఉదరవితాన హెర్నియాలను సమీక్షించాడు. అయితే ఆ జ్ఞానమంతా ప్రధానంగా శవపరీక్షల నుంచి వచ్చినదే కాబట్టి, బతికి ఉన్న రోగికి దాని వల్ల ఒరిగింది స్వల్పం.

1895లో విల్‌హెల్మ్ రాంట్‌జన్ ఎక్స్‌రేను కనుగొనడం, 1910 ప్రాంతంలో బేరియం సల్ఫేట్‌ను మింగించి జీర్ణనాళాన్ని చిత్రించే పద్ధతి స్థిరపడడం ఈ స్థితిని మార్చాయి. ఎక్స్‌రే కిరణాలను అడ్డుకునే ఆ తెల్లని ద్రవం అన్నవాహిక గుండా దిగి జీర్ణాశయాన్ని నింపినప్పుడు, ఉదరవితానం పైన ఉబ్బిన సంచి ఒకటి తెరమీద స్పష్టంగా కనిపించేది. ఇలాంటి చిత్రాల ఆధారంగా స్వీడన్ రేడియాలజిస్టు ఓకె ఓకర్‌లుండ్ 1926లో ఈ స్థితికి హయాటస్ హెర్నియా అనే పేరును స్థిరపరచి, మూడు రకాలుగా వర్గీకరించాడు.

చిత్రం వెలుగు తెచ్చినట్టే చిక్కునూ తెచ్చింది. ఏ బాధా లేనివారిలో కూడా హెర్నియా కనిపించసాగింది. తీవ్రమైన మంటతో వచ్చినవారిలో కొందరికి హెర్నియా లేదని తేలింది. 1935లో అమెరికా వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్, జీర్ణాశయపు ఆమ్లరసం పైకి ఎగదన్ని అన్నవాహిక లోపలి పొరను పుండుచేస్తుందని ప్రతిపాదించాడు. హెర్నియా ఉండడం ఒక సంగతనీ, ఆమ్లం ఎగదన్నడం మరొక సంగతనీ, రెండూ కలిసి ఉండవచ్చు గాని ఒకటే కావనీ వైద్యలోకానికి పూర్తిగా బోధపడడానికి ఇంకా పదిహేనేళ్ళకు పైగా పట్టింది. స్కానింగు చీటీలో హెర్నియా అనే మాట చూసి బెంబేలుపడే రోగికి ఈ తేడా తెలియడం నేటికీ అత్యవసరం.

శస్త్రచికిత్స ఒక్కటే మార్గమైన దశాబ్దాలు

పొట్టనో ఛాతీనో తెరిచి హెర్నియాను సరిచేయాలంటే రోగిని సురక్షితంగా మత్తులో ఉంచగలగాలి. ఈ విషయంలో హైదరాబాద్‌కు ప్రపంచ వైద్య చరిత్రలో చోటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సహాయంతో, హైదరాబాద్ వైద్య పాఠశాలకు నేతృత్వం వహించిన ఎడ్వర్డ్ లారీ చొరవతో, 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ ప్రయోగాలు జరిపాయి. మత్తుమందు ప్రాణం తీసేది గుండెను ఆపడం వల్లనా, శ్వాసను ఆపడం వల్లనా అన్నది వాటి ముందున్న ప్రశ్న. శ్వాసే ముందుగా ఆగుతుందన్న వాటి తీర్మానాన్ని తర్వాతి పరిశోధనలు సరిదిద్దినప్పటికీ, మత్తులో ఉన్న రోగి శ్వాసను ఎడతెగకుండా గమనించాలన్న జాగ్రత్తను అవి నొక్కిచెప్పాయి.

1919లో శస్త్రవైద్యుడు ఏంజెలో సొరేసీ, ప్రాణాపాయం ముంచుకొచ్చే దాకా ఆగకుండా ముందుగానే హెర్నియాను సరిచేసే శస్త్రచికిత్సను ప్రచురించాడు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో స్టువర్ట్ హారింగ్టన్ తర్వాతి దశాబ్దాల్లో పెద్దసంఖ్యలో ఇలాంటి శస్త్రచికిత్సలు చేశాడు. ఉదరవితానాన్ని కదిలించే నాడిని నలిపి ఆ కండరాన్ని తాత్కాలికంగా చచ్చుబరిచే పద్ధతి కూడా అప్పట్లో వాడుకలో ఉండేది. ఆ కాలపు ఆలోచన సూటిగా ఉండేది: జారిన అవయవాన్ని కిందికి దించాలి, వదులైన రంధ్రాన్ని కుట్టి బిగించాలి. 1951లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు ఫిలిప్ ఆలిసన్, రోగిని బాధించేది హెర్నియా పరిమాణం కాదనీ, సంధి దగ్గరి కవాటం లాంటి ఏర్పాటు దెబ్బతిని ఆమ్లం ఎగదన్నడమేననీ వివరించి, ఆ ఏర్పాటును తిరిగి నెలకొల్పడమే లక్ష్యంగా తన శస్త్రచికిత్సను రూపొందించాడు. సుమారు ఇరవై ఏళ్ళ అనుభవాన్ని 1973లో తానే సమీక్షించుకున్నప్పుడు, దాదాపు సగంమందిలో హెర్నియాగానీ ఆమ్లం ఎగదన్నడంగానీ తిరిగి కనిపించాయని ఆలిసన్ నిజాయితీగా ప్రకటించాడు. వైద్య చరిత్రలో ఇలాంటి నిజాయితీకి ఉన్న విలువ విజయాల విలువ కంటే తక్కువ కాదు.

నేటికీ నిలిచిన పద్ధతి రుడాల్ఫ్ నిస్సెన్ నుంచి వచ్చింది. యూదుడైనందువల్ల 1933లో జర్మనీని విడిచి ఇస్తాంబుల్‌లో పనిచేసిన ఆయన, అక్కడ అన్నవాహిక కిందిభాగంలో పుండు ఉన్న ఒక రోగికి శస్త్రచికిత్స చేస్తూ, అన్నవాహికను జీర్ణాశయానికి అతికించిన చోటును కాపాడేందుకు దాని చుట్టూ జీర్ణాశయపు గోడను కప్పాడు. ఏళ్ళ తర్వాత ఆ రోగికి ఆమ్లం ఎగదన్నడం లేదని తెలియడంతో, 1955లో స్విట్జర్లండ్‌లోని బాసెల్ నగరంలో అదే ఉపాయాన్ని ఈ రోగానికి చికిత్సగా ప్రయోగించి, మరుసటి ఏడాది ప్రచురించాడు. జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మెడకు శాలువా చుట్టినట్టు చుట్టి కుట్టే ఈ పద్ధతే ఫండోప్లికేషన్. తిన్నప్పుడు జీర్ణాశయంలో ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ చుట్టు బిగిసి ఆమ్లాన్ని పైకి రానివ్వదు. పూర్తి చుట్టు వల్ల కొందరికి మింగడం కష్టం కావడం, తేన్పు రాక కడుపు ఉబ్బరించడం వంటి ఇబ్బందులు కలగడంతో, 1962లో జాక్ డోర్ ముందు వైపు నుంచీ, 1963లో ఆంద్రే టూపే వెనుక వైపు నుంచీ వేసే పాక్షిక చుట్లను ప్రవేశపెట్టారు.

పార్శ్వ హెర్నియా విషయంలో వైద్యుల పట్టుదల మరింత గట్టిగా ఉండేది. 1967లో స్కిన్నర్, బెల్సీ అనే శస్త్రవైద్యులు, శస్త్రచికిత్స లేకుండా వదిలేసిన 21 మంది పార్శ్వ హెర్నియా రోగుల్లో ఆరుగురు మరణించారని నివేదించారు. ఆ నివేదిక తర్వాత, బాధ ఉన్నా లేకపోయినా పార్శ్వ హెర్నియా కనిపిస్తే శస్త్రచికిత్స చేయాలన్నది మూడు దశాబ్దాలకు పైగా పాఠ్యసూత్రంగా నిలిచింది.

జిన్నారంలో మందుల పరిశ్రమ

ఇదే కాలంలో ఆమ్లం ఉత్పత్తినే తగ్గించే మార్గాలను మరికొందరు శాస్త్రవేత్తలు వెదకసాగారు. జేమ్స్ బ్లాక్ బృందం కనుగొన్న సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో విడుదలైంది; జీర్ణాశయపు కణాలకు ఆమ్లం తయారుచేయమని హిస్టమిన్ అనే రసాయనం ఇచ్చే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. అదే కోవలోని రానిటిడిన్ 1981లో వచ్చింది. 1988లో స్వీడన్‌లో ఆస్ట్రా సంస్థ విడుదల చేసిన ఒమెప్రజోల్ మరో అడుగు ముందుకు వేసి, ఆమ్లాన్ని బయటికి తోసే కణస్థాయి యంత్రాంగాన్నే స్తంభింపజేసింది. ఆ యంత్రాంగాన్ని ప్రోటాన్ పంపు అంటారు. అన్నవాహికలోని పుండ్లు వారాల్లోనే మానడం చూసినప్పుడు, అంతకుముందు శస్త్రచికిత్స తప్ప గత్యంతరం లేదనుకున్న రోగుల్లో చాలామందికి కొత్త దారి తెరుచుకున్నట్టయింది.

అయితే కొత్త మందు ధర ఎక్కువ. ఆ ధరను దించిన కథలో హైదరాబాద్ శివార్లు ప్రముఖ పాత్ర వహించాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే అందరూ ఐడీపీఎల్ అని పిలిచే సంస్థ, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పి, ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు శిక్షణ ఇచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చి, మందు అనే పదార్థం మీద కాక దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటును అనుమతించింది. దాంతో అదే మందును వేరే పద్ధతిలో తయారుచేయడం భారతీయ సంస్థలకు న్యాయసమ్మతమైంది. ఆ నైపుణ్యమూ ఈ చట్టమూ కలిసిన చోట ముడి ఔషధ పరిశ్రమ పుట్టింది. మాత్రగా మారకముందు ఉండే మూల రసాయనాన్ని ముడి ఔషధం లేదా బల్క్ డ్రగ్ అంటారు.

1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ భూములు సేకరించి ఇవ్వడంతో, అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు చుట్టుపక్కల కర్మాగారాలు వెలిశాయి. 1980లో మెదక్ లోక్‌సభ స్థానం నుంచి ఇందిరా గాంధీ గెలవడంతో ఈ ప్రాంతం దేశం దృష్టిలో పడింది. జొన్న చేలు, చెరువు కింది వరి మడులు ఉన్న జిన్నారం మండలంలో బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి గ్రామాల పేర్లు మందుల సీసాల మీదా, పెట్టెల మీదా చిరునామాలుగా అచ్చయి దేశదేశాలకు వెళ్ళసాగాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు గుమ్మడిదల వేరే మండలమైనా, ఈ గ్రామాల పారిశ్రామిక చరిత్ర మాత్రం జిన్నారం పేరుతోనే ముడిపడి ఉంది.

ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌కు బొల్లారంలో కర్మాగారాలు ఉన్నాయి. 1990ల తొలి సంవత్సరాల్లో ఆ సంస్థ ఒమెప్రజోల్‌ను ఒమెజ్ అనే పేరుతో, అప్పటికి భారత విపణిలో ఉన్న ఇతర బ్రాండ్ల ధరలో సుమారు సగానికే విడుదల చేసింది. తెలుగు నేల మీద మందుల దుకాణాల్లో ఆ పేరు ఇంటిపేరంత పరిచితమైంది. రష్యాలో కూడా అది ప్రఖ్యాత బ్రాండుగా నిలిచింది. ఒమెప్రజోల్ ఆమ్లంలో నిలవలేని రసాయనం కాబట్టి, జీర్ణాశయాన్ని దాటి పేగును చేరేదాకా అది చెడిపోకుండా చిన్నచిన్న గుళికలుగా చేసి, వాటికి ఆమ్లాన్ని తట్టుకునే పూత పూసి క్యాప్సూల్‌లో నింపాలి. ఈ సాంకేతికతను హైదరాబాద్ పరిసరాల చిన్నాపెద్దా సంస్థలు ఆకళింపు చేసుకోవడంతో పోటీ పెరిగి, ఒకప్పుడు నగర రోగులకే అందిన చికిత్స పల్లెలకూ చేరింది. శస్త్రచికిత్స అవసరమా అనే ప్రశ్నకు సమాధానం మారడంలో ప్రయోగశాలల పాత్ర ఎంత ఉందో, ఈ చవక తయారీ పాత్ర కూడా అంత ఉంది.

జిన్నారం నీరు చెల్లించిన మూల్యం

ఈ అందుబాటుకు అయిన ఖర్చులో కొంత భాగం మాత్ర ధరలో చేరలేదు. అది ఈ ప్రాంతపు చెరువులు, వాగుల మీద పడింది. కర్మాగారాల వ్యర్థజలాలు ఇసుక వాగు, నక్క వాగుల గుండా మంజీర నది వైపు సాగడంతో పంటలు, పశువులు, బావులు దెబ్బతిన్నాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు వంటివారు రైతులతో కలిసి ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో ఒక పర్యావరణ సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం పటాన్‌చెరులో 1990లలో ఏర్పడింది గాని, మందుల రసాయనాలన్నింటినీ తొలగించే శక్తి అప్పటి శుద్ధి ప్రక్రియకు లేదు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోవాకిం లార్సన్ బృందం, సుమారు 90 ముడి ఔషధ సంస్థల నీరు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒక లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా ఉందని వారు చూపిన అంకె ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది. ఆ నీటిలో అతి ఎక్కువ మోతాదులో దొరికిన 11 మందుల్లో ఆమ్లాన్ని తగ్గించే రానిటిడిన్ కూడా ఉంది. 2009లో వెలువడిన మరో అధ్యయనం ఇదే ప్రాంతపు చెరువుల్లోనూ గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలను నమోదు చేసింది. లోకానికి ఛాతీమంట తగ్గించిన రసాయనం ఇక్కడి నీటిలో కలిసిందన్న వాస్తవాన్ని ఈ రోగపు చరిత్ర రాసేవారు విస్మరించరాదు. చవక చికిత్స వల్ల లాభపడిన ప్రతి సమాజమూ ఈ గ్రామాల నీటిని శుభ్రపరిచే బాధ్యతలో భాగస్వామి కావలసి ఉంది.

చిన్న గాట్లు, కొత్త సాక్ష్యాలు

మాత్ర విజయం సాధిస్తున్న రోజుల్లోనే శస్త్రచికిత్స కూడా రూపం మార్చుకుంది. 1990లో ముంబైలో టెహెంటన్ ఉద్వాడియా భారతదేశంలో తొలిసారిగా ల్యాప్రోస్కోపీ ద్వారా, అంటే చిన్న గాట్లలో నుంచి కెమెరానూ పరికరాలనూ పంపి, పిత్తాశయాన్ని తొలగించాడు. 1991లో బెల్జియంలో బెర్నార్డ్ డాల్‌మాన్ అదే మార్గంలో నిస్సెన్ శస్త్రచికిత్సను చేసి చూపాడు. పెద్ద కోత, వారాల తరబడి మంచం పట్టడం అనే భయం తొలగడంతో, మందులతో జీవితాంతం గడపడానికి ఇష్టపడని రోగులు మళ్ళీ శస్త్రచికిత్స వైపు చూడసాగారు.

ఆ ఉత్సాహాన్ని తర్వాతి అధ్యయనాలు సమతూకంలోకి తెచ్చాయి. 2001లో స్టువర్ట్ స్పెక్లర్ బృందం, దాదాపు పదేళ్ళ కిందట శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 62 శాతం మంది మళ్ళీ క్రమంగా మందులు వాడుతున్నారని చూపింది. 2011లో ప్రచురితమైన లోటస్ అనే యూరోపియన్ అధ్యయనంలో, ఐదేళ్ళ తర్వాత మందు వాడినవారిలో 92 శాతం, ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవారిలో 85 శాతం ఉపశమనంలో ఉన్నారు. అంటే అనుకూలమైన రోగులను ఎంచుకున్నప్పుడు రెండు మార్గాలూ బాగానే పనిచేస్తాయి. మందుకు లొంగని మంట అని పంపిన 366 మందిని క్షుణ్ణంగా పరీక్షించి 2019లో ప్రచురించిన స్పెక్లర్ అధ్యయనంలో, నిజంగా ఆమ్ల సంబంధమైన, మందుకు లొంగని బాధ ఉన్నవారు 78 మందే అని తేలింది; వారిలో మాత్రం శస్త్రచికిత్స 67 శాతం మందికి మేలు చేయగా, మందులను మార్చి పెంచి ఇచ్చినవారిలో 28 శాతం మందికే మేలు కలిగింది. శస్త్రచికిత్స ఫలితాన్ని దానికి ముందు జరిగే పరీక్షలే చాలా వరకు నిర్ణయిస్తాయన్నది దీని సారాంశం.

పార్శ్వ హెర్నియా సూత్రం కూడా సడలింది. 2002లో ఒక అమెరికన్ బృందం చేసిన గణన ప్రకారం, బాధ లేని లేదా స్వల్పంగా ఉన్న రోగికి అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం ఏడాదికి సుమారు 1.1 శాతం మాత్రమే. అందువల్ల వయసు మళ్ళినవారిలో, పెద్దగా బాధలేనివారిలో జాగ్రత్తగా గమనిస్తూ వేచి ఉండడం కూడా గౌరవనీయమైన చికిత్సగా స్థిరపడింది. పెద్ద హెర్నియాలను మెష్ అనే వలతో బలపరిచే ప్రయత్నాల మీద 2011లో వెలువడిన ఐదేళ్ళ ఫలితాలు, జీవపదార్థపు మెష్ వాడినా వాడకపోయినా సగానికి పైగా రోగుల్లో హెర్నియా చిత్రంలో తిరిగి కనిపించిందనీ, అయినా వారిలో చాలామందికి బాధ తిరగబెట్టలేదనీ, మళ్ళీ శస్త్రచికిత్స అవసరమైనవారు బహు కొద్దిమందేననీ తెలిపాయి.

హైదరాబాద్ కూడా ఈ శోధనలో భాగమైంది. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నేతృత్వంలోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు, పొట్ట మీద ఏ గాటూ లేకుండా నోటి గుండా ఎండోస్కోపు పంపి జీర్ణాశయపు పైభాగాన్ని మడిచి కుట్టే పద్ధతిని, ఉత్తుత్తి చికిత్సతో పోల్చి పరీక్షించిన అధ్యయనాన్ని 2022లో ప్రచురించారు. 70 మంది రోగుల్లో మూడు నెలలకు చికిత్స పొందినవారిలో సుమారు 66 శాతం మందికి బాధ సగానికి పైగా తగ్గింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో అలా తగ్గింది 3 శాతం లోపే. పెద్ద హెర్నియా ఉన్నవారికి ఈ పద్ధతి తగదు గాని, జీవితాంతం మాత్రకూ పూర్తి శస్త్రచికిత్సకూ మధ్య మరొక దారిని ఇది సూచించింది.

కార్మికుడి ముందున్న నిర్ణయం

ఈ చరిత్ర జిన్నారం, బొల్లారం, పటాన్‌చెరు కర్మాగారాల్లో షిఫ్టులు చేసే మనిషి దగ్గరికి వచ్చినప్పుడు ఆచరణలోని ప్రశ్నలుగా మారుతుంది. బరువైన డ్రమ్ములు ఎత్తడం పొట్టలో ఒత్తిడిని పెంచుతుంది. రాత్రి షిఫ్టు ముగించి కడుపునిండా తిని వెంటనే పడుకోవడం ఆమ్లం ఎగదన్నడానికి అనువైన స్థితి. ఉగాండాలో పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పీచు తక్కువైన ఆహారం వల్ల మలవిసర్జనలో ముక్కడం పెరిగి హయాటస్ హెర్నియాకు దారితీస్తుందని వాదించాడు. ఆ వాదన పూర్తిగా రుజువు కాలేదు గాని, 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం పథకం దరిమిలా జొన్నరొట్టె, గటక స్థానంలో పాలిష్ పట్టిన బియ్యం స్థిరపడిన ఈ ప్రాంతంలో అది ఆలోచించదగినదే. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల వ్యవధి ఉంచడం, మంచం తలవైపు కోళ్ళ కింద దిమ్మెలు పెట్టి జానెడు ఎత్తు చేయడం, అధిక బరువు తగ్గించుకోవడం, పొగాకు మానడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం వంటివి ఖర్చులేని చికిత్సలు; చాలామందికి వీటితోపాటు మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకోవడం సరిపోతుంది.

మాత్రను ఏళ్ళ తరబడి వాడవచ్చా అన్న భయం సహజమైనది. 2019లో ప్రచురితమైన 17,598 మందితో చేసిన మూడేళ్ళ అధ్యయనంలో, ఈ కోవకు చెందిన పాంటొప్రజోల్ వాడినవారిలో పేగుల అంటువ్యాధులు కొద్దిగా పెరగడం తప్ప ఇతర హాని స్పష్టంగా కనిపించలేదు. అయినా బి12 విటమిను, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉన్నందున, వైద్యుడి పర్యవేక్షణలో పనిచేసే అతి తక్కువ మోతాదు వాడడమే సరైన మార్గం. గ్యాస్ మాత్ర అని అడిగి తెచ్చుకొని ఏళ్ళు గడపడం వల్ల మరో ప్రమాదం ఉంది: మింగడం కష్టం కావడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, రక్తపు వాంతి వంటివి వెంటనే ఎండోస్కోపీ అవసరమని చెప్పే హెచ్చరికలు. హఠాత్తుగా తీవ్రమైన ఛాతీనొప్పి వచ్చి ఎంత ఓకరించినా వాంతి కాకపోవడం జీర్ణాశయం మెలిపడిందనడానికి గుర్తు కావచ్చు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి ఉంటే ముందుగా గుండెను పరీక్షించాలి. హెర్నియా ఉందని ముందే తెలిసి ఉండడం గుండె జబ్బుకు అడ్డుకాదు.

శస్త్రచికిత్స వైపు మొగ్గాలంటే నాలుగు పరీక్షల ఫలితాలు చేతిలో ఉండడం మేలు: అన్నవాహికను లోపలి నుంచి చూసే ఎండోస్కోపీ, హెర్నియా ఆకారాన్ని చూపే బేరియం చిత్రం, 1974 నుంచి వాడుకలో ఉన్న 24 గంటల ఆమ్ల పరీక్ష, అన్నవాహిక కండరాల బలాన్ని కొలిచే మానోమెట్రీ. చివరిదాన్ని విస్మరిస్తే, కదలిక బలహీనంగా ఉన్న అన్నవాహిక చుట్టూ బిగువైన చుట్టు పడి, రోగి నీళ్ళు మింగడానికి కూడా ఇబ్బందిపడవచ్చు. మాత్రతో మంట తగ్గినా పడుకుంటే తిన్నది నోట్లోకి రావడం ఆగనివారికి, పెద్ద పార్శ్వ హెర్నియాతో ఆయాసమో రక్తహీనతో ఉన్నవారికి, ఆమ్లమే కారణమని రుజువై మందుకు లొంగనివారికి శస్త్రచికిత్స ఎక్కువ ఫలితమిస్తుంది. కేవలం ఉబ్బరం, తేన్పులు మాత్రమే ఉన్నవారికి అది మేలు చేయకపోగా బాధను పెంచవచ్చు.

శస్త్రచికిత్స తర్వాత కొన్ని వారాలు జావ, మెత్తటి అన్నం వంటి ఆహారమే తీసుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తరాదు. కూర్చొని పనిచేసే ఉద్యోగికి ఇది సెలవుల లెక్క. డ్రమ్ములు మోసే కాంట్రాక్టు కార్మికుడికి ఇది ఇంటి బియ్యం లెక్క. 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం ఈ అవసరాన్నే దృష్టిలో పెట్టుకొని, అర్హత ఉన్న కార్మికుడికి అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతాన్ని ఏడాదికి 91 రోజుల దాకా చెల్లించే ఏర్పాటు చేసింది. రామచంద్రాపురం, సనత్‌నగర్‌లలో ఆ బీమా కింద ఆసుపత్రులు ఉన్నాయి. కాంట్రాక్టరు పేరు నమోదు చేయని కార్మికుడికి మాత్రం ఈ రక్షణ కాగితం మీదనే ఉంటుంది. వైద్యపరంగా శస్త్రచికిత్స తగినదై కూడా సెలవు దొరకనందువల్ల మాత్రతోనే గడిపే రోగి చేసిన దాన్ని ఎంపిక అనలేము.

ఒక శతాబ్దపు చరిత్రను కలిపి చూస్తే, ప్రతి తరమూ తన చేతిలో ఉన్న సాధనాన్నే సమాధానంగా భావించిందని తెలుస్తుంది. ఎక్స్‌రే తరానికి చిత్రమూ, శస్త్రవైద్యుల తరానికి కుట్టూ, ఆ తర్వాతి తరానికి మాత్రా అలాంటి సమాధానాలే. నేడు ఆ మూడూ అందుబాటులో ఉన్నందున, ఏ రకం హెర్నియా, బాధకు నిజమైన కారణమేది, రోగి జీవనం ఎలాంటిది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన తర్వాతనే నిర్ణయం జరగాలి. ప్రపంచానికి చవకగా మాత్రను అందించిన జిన్నారం నేలకు ఆ పరీక్షలూ, ఆ సెలవూ, శుభ్రమైన నీరూ హక్కుగా అందాలి; పారిశ్రామిక విజయాల పట్టికలో ఈ మూడింటినీ చేర్చినప్పుడే ఆ విజయానికి న్యాయం జరుగుతుంది.